అది టియెగ్వాన్‌యిన్ కాదు

2009. న్యూజెర్సీలో పిస్కాటవే దగ్గర ఒక టీ దిగుమతి కంపెనీలో నేను క్వాలిటీ అనలిస్టుని. బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ చదివి, ఇక్కడ మాస్టర్స్ చేసి, ఆ ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. చైనా నుంచి వచ్చే ప్రతి సరుకుకీ కప్పింగ్ చేసేవాళ్లం. అంటే ఒకే కొలతతో టీ కాచి, వాసన, రుచి, తడిసిన ఆకు చూసి, అది పేరుకు తగ్గ టీ అవునో కాదో రాయడం. తేమ, పురుగుమందుల పరీక్షలు నావి. రుచి చూసి తేల్చేది మా సీనియర్ టేస్టర్ లిన్ గారు.

లిన్ గారికి అరవై నాలుగేళ్లు. ఫూజియన్ రాష్ట్రంలోని ఆన్‌షీ కొండల మనిషి. తీరిక దొరికినప్పుడల్లా నన్ను పక్కన నిలబెట్టుకుని, వచ్చీరాని ఇంగ్లిష్‌లో రుచి చూడటం నేర్పేవారు.

ఆ వసంతంలో ఆన్‌షీ టియెగ్వాన్‌యిన్ పేరుతో పెద్ద కన్‌సైన్‌మెంట్ వచ్చింది. అది ఊలాంగ్ టీ; ఆకును సగమే మాగనిచ్చి ఆరబెడతారు. లిన్ గారు మూడుసార్లు వేడినీళ్లు పోసి రుచి చూశారు. తడి ఆకుల్ని తెల్ల ట్రేలో పరిచి నన్ను పిలిచారు.

"కొన చూడు. టియెగ్వాన్‌యిన్ ఆకు కొన కాస్త పక్కకు వంగి ఉంటుంది. ఇది తిన్నగా ఉంది. బెన్‌షాన్."

బెన్‌షాన్ అదే కొండల్లో పెరిగే మరో రకం, దీనికి దగ్గరి చుట్టం. చెడ్డ టీ కాదు, చవక అంతే. నేనూ తాగి చూశాను. మూడో కప్పుకే పూలవాసన పోయింది; అసలైనదైతే ఇంకా నిలవాలి.

అసలు ఆ పేరెలా వచ్చిందని అడిగాను.

"మా వైపు రెండు కథలున్నాయి. పాడుబడ్డ గుళ్లో గ్వాన్‌యిన్ దేవతకు రోజూ టీ నైవేద్యం పెట్టే వెయ్ అనే రైతుకు కలలో ఆ మొక్క కనిపించిందంటారు. కాదు, వాంగ్ అనే పండితుడు కనిపెట్టి చక్రవర్తికి పంపితే ఆయనే ఆ పేరు పెట్టాడని ఇంకొందరంటారు. కథ మాదంటే మాదని ఇప్పటికీ తగువులాడుకుంటారు. ఆకు దగ్గర మాత్రం ఎవరికీ తగువు లేదు."

లిన్ గారు రిపోర్టులో బెన్‌షాన్ అనే రాశారు. మర్నాడు ఉదయం ఆపరేషన్స్ మేనేజర్ సుధాకర్ గారు నన్ను క్యాబిన్‌కి పిలిచారు. ఆయనది ఒంగోలు వైపు.

"చూడమ్మా పద్మజా, ఆ టీ మొత్తం ఆల్రెడీ టియెగ్వాన్‌యిన్ అని అమ్మేశాం. పెద్దాయనకి టేస్ట్ పోతున్నట్టుంది. మధ్యాహ్నం మీటింగ్‌లో నిన్ను సెకండ్ ఒపీనియన్ అడుగుతారు."

"నాకూ బెన్‌షాన్ లాగే అనిపించిందండీ."

"నీ గ్రీన్ కార్డ్ ఫైల్ నా టేబుల్ మీదే ఉంది. ఈ రిసెషన్‌లో స్పాన్సర్ చేసేవాళ్లు ఎంతమంది ఉన్నారో నీకు తెలుసుగా. ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. మీటింగ్‌లో లిన్ గారు నా ఎదురుగా కూర్చున్నారు. కాగితం వంక చూస్తూ, "నాకు తేడా ఏమీ తెలియలేదు. అది టియెగ్వాన్‌యినే" అన్నాను.

ఆయన కోప్పడలేదు. "కొన వంగి కనిపించిందా?" అని మాత్రం అడిగారు.

"కనిపించింది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. నెల తిరక్కుండానే రిటైర్మెంట్ పేరుతో ఆయన్ని ఇంటికి పంపేశారు. ఆ పని నాకిచ్చారు.

2014లో గ్రీన్ కార్డ్ వచ్చింది. ఆ ఉద్యోగం మానేసి, ఎడిసన్‌లో కూతురి దగ్గర ఉంటున్న ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లాను. నన్ను చూసి సంతోషించారు. కూతురు నాకు టీ ఇచ్చి, ఆయన ముందు వేడినీళ్ల గ్లాసు పెట్టింది.

"మీరు తాగరా?"

"రుచి తెలియనివాడికి టీ ఎందుకు?"

అప్పుడు చెప్పేశాను. అది బెన్‌షానేనని, నాకు ఆ రోజే తెలుసునని, ఎందుకు అబద్ధమాడానో కూడా.

ఆయన వేడినీళ్ల గ్లాసు పక్కకు జరిపారు. "నువ్వు అబద్ధం చెబుతావని తోచలేదు. నేను నేర్పినదానివి కదా. నా నాలుకే పోయిందనుకున్నాను. ఐదేళ్లు" అని లేచి లోపలికి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. కాసేపటికి కూతురు వచ్చి నాకోసం వీధి తలుపు తీసి పట్టుకుంది.

తప్పుడు రిపోర్టు వల్ల మోసపోయేది కొన్నవాళ్లే అనుకున్నాను. సరిగ్గా రాసిన మనిషి తన మీద తనే నమ్మకం పోగొట్టుకుంటాడని నాకు తట్టలేదు. ఆలస్యంగానైనా నిజం చెప్పడం మంచిదంటారు. ఎవరికి మంచిదో ఆ సాయంత్రం కార్‌లో కూర్చున్నాక తెలిసింది. తేలికపడింది నేనొక్కదాన్నే.