గోడకు ఆనని బెండు

నిన్న పొద్దటి నుంచి ముసురు. నాట్లు నడుస్తున్నాయి. నేను ఒడ్డు మీద కూర్చుని కూలీలకు నారు కట్టలు అందిస్తున్నాను.

సుల్తానాబాద్ నుంచి మల్లవ్వ ఫోన్ చేసింది. నాలుగో తరగతిలో నా పక్కన కూర్చున్న మల్లవ్వే.

"రాజేశం సార్ పోయిండు," అన్నది.

తొంభై దాటిన మనిషి. అయినా చేతిలోని నారు కట్ట కింద పెట్టేశాను.

మన గ్రూపులో చిన్నవాళ్లకు ఆయన తెలియదు. అందుకే ఈ పోస్ట్.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ఆయన మా ఊరికి టీచర్‌గా వచ్చారు. బడి అంటే మట్టి గోడల పాత కొట్టం. ఆయన చదివింది ఉర్దూలో. కోణాన్ని ముందు 'జావియా' అనేవారు, వెంటనే దిద్దుకునేవారు.

కోణమాని మేము చూసింది లేదు. జొన్న కర్ర చీల్చి తీసిన రెండు బెండు పుల్లలను తుమ్మ ముల్లుతో గుచ్చి, తెరిచి మూసి చూపించారు. మేమూ తలా ఒకటి చేసుకున్నాం. పలక మూలకు సరిపోతే లంబకోణం. అంతే తెరిచి నేలకూ గోడకూ ఆనించి చూడమన్నారు. అందరివీ ఆనాయి.

తర్వాతి వారం ముసురు పట్టింది.

అదే గోడ దగ్గర మళ్లీ కొలుస్తున్నాం.

"సార్, నాది ఆనుతలేదు," అన్నది మల్లవ్వ.

పై కొస గోడకు తగులుతోంది. కింద మూలలో సందు మిగులుతోంది.

"నాని వంగింది. పలక పెట్టి చూడు," అన్నారు సార్.

పలక కూడా ఆనలేదు.

"పలక గూడ నానిందా సార్?" అన్నాడు పోశం.

అందరం నవ్వాం. సార్ నవ్వలేదు.

పలక తీసుకుని గోడ పొడుగునా పెట్టి చూశారు. ఎక్కడ పెట్టినా అంతే. కోణం తగ్గింది. గోడ మా మీదికి వంగుతోంది.

అది మాకు అప్పుడు తెలియదు. ఆయన మొహం చూసి భయపడ్డాం.

"పలకలు ఆడనే పెట్టున్రి. ఉరకొద్దు. సప్పుడు చేయకుంట ఒక్కొక్కలు బయటికి పోన్రి."

పోశం రాలేదు. ఎగతాళి చేసినందుకు వానలో నిలబెట్టి కొడతారనుకున్నాడు. పోయి ఆ గోడ మూలకే నక్కాడు.

సార్ బెత్తం వాకిట్లోకి విసిరేసి లోపలికి వెళ్లారు. గోడ నుంచి మట్టి రాలుతోంది. మాకు ఆయన గొంతు ఒక్కటే వినిపించింది.

"కొట్టను బిడ్డా. ఒట్టు. జర ఇటు రా."

వాడు కదల్లేదు. సార్ వెళ్లి ఎత్తుకొచ్చారు.

ఇద్దరూ గడప దాటారో లేదో, గోడ లోపలికి పడింది. దాని వెంట కప్పు. మా పలకలన్నీ దాని కింద.

సార్ పోశాన్ని దించకుండానే బురదలో కూలబడ్డారు. మమ్మల్ని లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు.

ఇప్పటికీ ముసురు పడితే నేను మంచం గోడకు దూరంగా వేసుకుంటాను.

సార్, ఇక ఎవరినీ లెక్కపెట్టకుండా నిశ్చింతగా పడుకోండి.

రాజేశం సార్ నిన్న తెల్లారకముందే మంచిర్యాలలో, కొడుకు ఇంట్లో పోయారు.