గంజి ముట్టని తాత మనవడు

పెంటయ్య జగన్నాథుడి మీద భక్తితో పూరీ వెళ్ళాడని ఇప్పటికీ అంటుంటారు. మొన్న సోంపేట సంతలో కూడా ఎవరో అంటే విన్నాను. భక్తీ లేదు, పాడూ లేదు. ఆయన గుళ్ళోకి కూడా పోలేదు. తాత గురించి ఏమని రాసివుందో చూసుకోవడానికి వెళ్ళాడు. ఎందుకో చెబుతాను.

తాతల నాడు గంజాం జిల్లాలో పెద్ద కరువొచ్చింది కదా. ఉద్దానం జనం తిండి లేక గుంపులుగా పూరీ దారి పట్టారు. దారిలో దొరలు గంజి సత్రాలు పెట్టించారు. ఎవరు వండారో, ఎవరి కుండలో కాచారో తెలియని గంజి. అది తాగినవాడికి కులం పోయినట్టే. పెంటయ్య ఊళ్ళో ఆ గంజి తాగింది వాళ్ళ తాత ఒక్కడేనని, తాగి అక్కడే చచ్చాడని చెప్పుకునేవారు. అందుకని ఆ ఇంటివాళ్ళని బంతిలో కూర్చోనివ్వరు. చస్తే మోసేవాళ్ళు ఉండరు. పెంటయ్య తండ్రిని కొబ్బరాకుల మోపులా ఎడ్లబండి మీద వేసి తోలుకుపోయారు.

ఆ తర్వాత తల్లి బొడ్డమ్మ మంచం పట్టింది. ముసలిదానిది ఒకటే మాట.

"ఒరే పెంటా, మీ అయ్యలాగ నన్ను బండి మీద ఏసెయ్యకురా. నలుగురు భుజాల మీదే ఎల్తాను."

పెంటయ్య వెళ్ళి కులపెద్ద గున్నయ్య అరుగు ముందు నిలబడ్డాడు.

"మా తాత గంజి తాగినాడని ఎవులు సూసినారు మావా?"

"ఊరంతా సూసింది."

"పూరీ పండా కాడ మన ఊరి తాటాకులున్నాయి. ఎవులొచ్చినారో, ఎవులు పోనారో అన్నీ రాత్తాడట. సదివిద్దాం. తాగినాడని ఉంటే మరి నోరెత్తను."

గున్నయ్య మేనల్లుడు సూర్యానికి ఒరియా చదవడం వచ్చు. "ఈడూ వత్తాడు. ఈడు సదివిందే మాట" అన్నాడు గున్నయ్య.

ఇద్దరూ పలాసలో రైలెక్కారు. పూరీలో ఒక్కో ఊరి యాత్రికుల్ని తరతరాలుగా ఒక్కో పండా చూసుకుంటాడు. ఆ ఊరి పండా కట్ట విప్పి కరువు ఏడాది ఆకు తీశాడు. సూర్యం చదవబోయి ఆగాడు. మళ్ళీ మొదట్నుంచి చదివాడు. గున్నయ్య తాతా, ఇంకో ఆరిళ్ళ తాతలూ సత్రంలో గంజి తాగినందుకు ప్రాయశ్చిత్తం చేయించుకున్నారు. చివర పెంటయ్య తాత పేరు. గంజి ముట్టనని దారిలోనే ప్రాణం విడిచాడట. ఆయనకి పిండం పెట్టించింది ఎవరనుకున్నారు? గున్నయ్య తాతే.

"ఊర్లో ఇదే సెప్తావా బావా?" అన్నాడు పెంటయ్య.

"అబద్దమాడితే నా కళ్ళు పోతాయి. సెప్తాను."

సూర్యం మాట తప్పలేదు. కులం కూటంలో ఉన్నదున్నట్టు చెప్పాడు. వెనకనుంచి ఎవడో కిసుక్కుమన్నాడు. "అయితే బానలు నాకినోళ్ళు మన తాతలేనన్నమాట!"

గున్నయ్య నవ్వలేదు. "నిమ్మాడలో పిల్లల్నిచ్చాం, టెక్కలిలో ఇచ్చాం. రేపు మీ అమ్మని మోత్తే, ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు మోసినారని అడుగుతారు. ఏటి సెప్పమంతావు? మీ తాత ఒక్కడే సుద్ధుడు, మా ఏడిళ్ళోళ్ళం ఎంగిలోళ్ళమనా?"

"నిజం అదే కదా మావా."

"నిజమే. అయితే ఏటి? మీకు అలవాటైపోనాది. మాకు కొత్త."

ఇంటికొచ్చిన కొడుకుని చూసి బొడ్డమ్మ లేవబోయింది. "ఏటన్నార్రా?"

"వత్తామన్నారమ్మా. నలుగురూ వత్తారు."

మోసేవాళ్ళు చూస్తారు కదా అని కోడలు కాంతం చేత తల దువ్వించుకుంది ముసలిది. ఆ మర్నాడే పోయింది.

ఎవరూ రాలేదు. అయినా పెంటయ్య బండి కట్టలేదు. పాడె ముందు కొస తాను ఎత్తుకున్నాడు, వెనక కొస కాంతం ఎత్తుకుంది. ఆడది పాడె పట్టడం మా వైపు ఎవరూ ఎరగరు. తోటల మధ్య ఇసుకదారి, కాలు దిగిపోతుంది. పాడె ఒకసారి అటు, ఒకసారి ఇటు ఒరిగింది. జనం అరుగుల మీద కూర్చుని చూశారు.

"ఇద్దర్ని కనుంటే సరిపోయేది కదా బావా!" అని అరిచాడు సూర్యం.

అందరూ నవ్వారు. వాళ్ళకి పిల్లల్లేరని ఊరందరికీ తెలుసు.

పోయిన ఏడు కాంతమూ పోయింది. ఆమెను పెంటయ్య భుజాన వేసుకునే తీసుకెళ్ళాడు. ఇప్పుడు సముద్రం వైపు చివరింట్లో ఒక్కడే ఉన్నాడు. దగ్గు తగ్గడం లేదని విన్నాను. సోంపేట నుంచి ఆ దారిన వెళ్ళేవాళ్ళు ఒకసారి తలుపు తట్టి చూడండి. ఒక్కరే వెళ్ళకండి బాబూ, నలుగురు కలిసి వెళ్ళండి.