అవ్వ నోరు మూయించిన మృదంగం

మొన్న ఆదివారం హైదరాబాద్‌లో మా రెండేళ్ల పాపను పసిపిల్లల మృదంగ కచేరికి తీసుకుపోయాను. తీసుకుపోయాను అనడం కంటే మా ఆయన పోరు పడలేక పోయాను అనడమే నిజం. పిల్లలంతా గుండ్రంగా కూర్చుని చిన్న చిన్న డోళ్లను అరచేతులతో బాదుతుంటే, మృదంగం ఎడమ మూతకు అద్దిన తడి రవ్వ వాసన ముక్కుకు తగిలింది. తల్లులందరూ మురిసిపోతున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

మా ఊరు మానుకోటలో నేను ఏడో తరగతి చదివేటప్పుడు తెలంగాణ కోసం సమ్మె నడిచింది. బడులకు తాళాలు పడ్డాయి, రోడ్ల మీదే వంటావార్పు, కట్టెల పొగలో ఉడికే పప్పు వాసన, నిప్పుల మీద కాల్చిన మక్కకంకులు, పొద్దుగూకేదాకా అరుగుల మీద కచ్చకాయల ఆట. సర్కారు బడి టీచరైన అమ్మ పొద్దంతా సమ్మె టెంటులో ఉండేది. ఇంట్లో అవ్వ, అంటే మా నాయిన తల్లి, తమ్ముడిని చూసుకునేది. వాడికి మూడేళ్లు నిండుతున్నా మాట రాలేదు. అవ్వ సానరాయి మీద వసకొమ్ము అరగదీసి తేనెతో నాకించేది, బతుకమ్మ పండుగకు సత్తుపిండి ముద్దలు చేస్తూ "గిది నువ్వులది, గిది పల్లీలది, తిను బిడ్డా" అంటూ వాడితో ఒకటే మాట్లాడేది. వాడు నవ్వేవాడే తప్ప పలికేవాడు కాదు.

అప్పుడు దిగాడు మృదంగం సారు. కోస్తా నుంచి వచ్చి మా వీధిలో అద్దెకున్న మనిషి, మడత నలగని లాల్చీ, మమ్మల్ని చూస్తే మూతి విరుపు. ఆదివారం పొద్దున్నే పసిపిల్లలను చాప మీద కూర్చోబెట్టి, వాళ్ల చేతులు పట్టి మృదంగం మీద ఆనించి, తకధిమి అనిపించేవాడు. పిల్లలు ఆయనంటే పడి చచ్చేవాళ్లు, కాదనను. మా తమ్ముడైతే దెబ్బకు దెబ్బ బదులిచ్చేవాడు. దాంతో ఆయన మాట అమ్మకు వేదవాక్కయింది.

"ఇంట్లో ఆ పెద్దావిడ మాటలు చెవిన పడితే వీడికి నోరు తిరగదండీ. కొన్నాళ్లు వీడితో మాట్లాడొద్దని చెప్పండి" అన్నాడు ఒకరోజు అమ్మతో.

మా భాషను వెక్కిరిస్తే ఊరుకునేది లేదని టెంటులో గొంతు చించుకునే అమ్మ, ఇంటికొచ్చి "అత్తమ్మా, జర పోరనితోని మాట్లాడకు" అంది.

"నా మాటకేం రోగమొచ్చిందే?" అని లేచింది అవ్వ. కాసేపటికి తనే చల్లబడి, "పోరడు బాగుపడతడంటే నోరు మూసుకుంట తియ్" అంది.

ఆ చలికాలంలో వాడికి మాటలొచ్చాయి, అచ్చం సారు యాసతో. వాడకట్టంతా మృదంగం మహిమ అంది. వయసొచ్చి మాటలొచ్చాయని నేనంటాను, కానీ నా మాట వినేదెవరు? అమ్మ మాత్రం మళ్లీ ఎక్కడ మాట పోతుందోనన్న భయంతో అవ్వ మీద ఆంక్ష ఎత్తెయ్యలేదు. సైగలతోనే వాడికి అన్నం తినిపించేది అవ్వ. నాకు కథ చెప్తూ చెప్తూ, వాడొస్తే ఆపేసేది. ఆ సారు మీద, అమ్మ మీద నాకు పళ్లు నూరుకునేంత కోపం.

రెండున్నరేళ్లకు రాష్ట్రం వచ్చిన రోజు వీధంతా పటాకులు, డప్పులు, మిఠాయిలు. అవ్వ గడపలో నిలబడి తమ్ముడి నోట్లో లడ్డూ పెట్టింది. వాడు నమిలి మింగి, అమ్మ కొంగు లాగి అడిగాడు: "అమ్మా, నాయనమ్మకు నా మీద కోపమా? అందరితో మాట్లాడుతుంది, నాతో మాట్లాడదు."

అవ్వ నోరు తెరిచింది. తెరిచి, మాట్లాడొచ్చా అన్నట్టు అమ్మ వైపు చూసింది. అమ్మ తల దించుకుంది.

ఇప్పుడు అవ్వ లేదు. ఒకప్పుడు వెక్కిరించిన సినిమాలలోనే ఇవాళ హీరోలు మా మాట మాట్లాడుతున్నారు, మా ఇంట్లోనే అవ్వలా మాట్లాడే మనిషి లేదు. అవ్వ కథలు ఎలా చెప్పేదక్కా అని తమ్ముడు ఫోన్ చేసి అడుగుతుంటాడు. కథంతా చెప్తాను. అవ్వ చెప్పినట్టు చెప్పడం నాకు చేతకాదు.