తువ్వాలు కింద నా తొందర

మొన్న మార్కెట్‌లో బండెడు చిన్న రసాల మామిడి కాయలు అమ్మేశానండీ. ఎంతకి అమ్మానో మాత్రం నాకే తెలీదు! నవ్వకండి, టీ చల్లారేలోపు చెప్పేస్తాను.

పోయిన నెల నాకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. మంటంటే మామూలు మంట కాదు, మిరపకాయ బజ్జీ తిన్నది నోటితోనేనా అని అనుమానం వచ్చేంత! డాక్టరమ్మ గారు మందులు రాస్తూ అడిగారు.

"తోటలో నీళ్ళు తాగుతారా?"

"తీరికుండదండీ."

"వస్తే వెంటనే వెళ్తారా?"

"అదీ తీరికుండదండీ."

"మంట పడ్డానికి తీరికుందిగా! రోజంతా కాసిని కాసిని నీళ్ళు తాగుతూ ఉండండి. ఆపుకోకండి. వెళ్ళినప్పుడు హడావుడిగా సగంలో వచ్చేయకండి. తగ్గింది కదా అని మందులు మధ్యలో మానకండి."

మందులు పూర్తిగా వాడాను, తగ్గింది. మిగతా సలహాలో నేను నీళ్ళ ముక్కొక్కటే పట్టుకున్నాను. అదీ నా పద్ధతిలో! రోజంతా తాగాల్సింది పొద్దున్నే తాగేస్తే ఓ పనైపోతుంది కదా? మొన్న బయల్దేరేముందు చెంబు మీద చెంబు ఎత్తాను.

మా ఆవిడ మార్తమ్మ గుమ్మంలోంచే, "ఏవండీ, బాత్రూంకి వెళ్ళి మరీ బయల్దేరండి" అంది.

"నేనేమన్నా ఎల్‌కేజీ పిల్లాడినా?"

"సరే మీ ఇష్టం. పోయినేడు రేటుకి తగ్గితే మాత్రం బండి వెనక్కి తిప్పుకొచ్చేయండి. ఆ చెట్లకి నీళ్ళు పెట్టింది నేను."

దారంతా గుంటలే. బండి ఎగిరినప్పుడల్లా ఒక్కో చెంబూ 'నేనున్నా' అంది. మార్కెట్‌లో దిగి దిక్కులు చూస్తున్నానా, వ్యాపారి రంగారావు గారు నా చెయ్యి పట్టుకుని పైన తువ్వాలు కప్పేశారు!

మా దగ్గర బేరం నోటితో ఉండదు. తువ్వాలు కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టి నొక్కితే, ఎన్ని వేళ్ళైతే అంత రేటు; వేలు మడిస్తే తగ్గించినట్టు. చుట్టూ ఎంతమందున్నా ఇద్దరికే తెలుస్తుంది. మధ్యలో చెయ్యి లాగేస్తే బేరం వద్దన్నట్టే. ఆయన పక్క కుప్పకి వెళ్ళిపోతారు.

"ఒక్క నిమిషమండీ..."

"రసాలు ఎండకి ఉడికిపోతాయి జోజిబాబు గారూ, కానివ్వండి."

ఆయన ఏ వేలు పట్టారో చూసుకునే తెలివి నాకెక్కడిది? ప్రాణమంతా నడుం కిందుంది! ఈ కాలు మీంచి ఆ కాలు మీదికి మారుతున్నాను. వేళ్ళు వాటంతటవే బిగుసుకుంటున్నాయి. రంగారావు గారు కనుబొమ్మలెగరేశారు.

"ఖాయమేనా?"

"ఖాయమండీ బాబూ! వదలండి!"

ఒకటే పరుగు. హడావుడిగా సగంలో రావద్దన్న సలహా మాత్రం అక్కడ తు.చ. తప్పకుండా పాటించాను.

తిరిగొచ్చేసరికి నా కాయలు లారీకెక్కుతున్నాయి. ఒళ్ళు దూదిపింజలా ఉంది. అప్పుడు వెలిగింది... ఇంతకీ ఎంతకి?

అంతమందిలో నోటితో అడిగితే పరువేం కాను? అంతలో మార్తమ్మ ఫోను. "ఎంతకి పోయాయండీ?" "సిగ్నల్ లేదే!" అని పెట్టేశాను. మెల్లగా వెళ్ళి రంగారావు గారి తువ్వాలు కింద చెయ్యి దూర్చాను.

"బేరం అయిపోయింది కదండీ!"

"ఊరికేనండీ. ఇందాకటిది ఇంకోసారి పట్టండి."

ఆయన నన్నో రకంగా చూసి, పట్టారు. పోయినేడు కంటే తక్కువ!

"ఇదేంటండీ ఇంత తక్కువా?"

ఆయన నా చెవి దగ్గరికొచ్చి, "నేను మంచి రేటే పట్టానండీ. మీరే గట్టిగా నొక్కి, నా వేళ్ళు ఒక్కోటీ మడిచేశారు. లోకంలో ఇలాంటి రైతు కూడా ఉంటాడా అని ఆశ్చర్యపోయాను" అన్నారు.

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. మార్తమ్మ అంతా విని నన్ను ఎగాదిగా చూసింది. చివరికి, "మళ్ళీ మంటేం లేదు కదా?" అంది. లేదన్నాను. "హమ్మయ్య, ఒక్కటైనా దక్కింది" అంది.

రేపు రెండో కోత కాయలు వెళ్తాయి. బేరానికి ఆవిడే వస్తోంది. నన్ను డ్రైవర్ పక్కన కూర్చోబెడుతుందట. దాహమేస్తే తాగొచ్చు, వస్తే బండాపి దిగొచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. చేతులు మాత్రం జేబుల్లోంచి బయటికి తీయకూడదట!