పిలుపొస్తే ఇంటికొకరు

ఆ రోజుల్లో మనిషిని పిలవాలంటే గొంతన్నా ఉండాలి, సైకిలన్నా ఉండాలి. నంద్యాలలో మా తవుడునూనె ఫ్యాక్టరీవాళ్లు ఈ రెండూ చాలవని మా నడుములకు పేజర్లు తగిలించారు. ఇప్పటి పిల్లలు పేజర్‌ను చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను. అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దది. కీచుమని అరుస్తుంది, చిన్న అద్దంలో ఒక అంకె చూపిస్తుంది, అంతటితో దాని పని అయిపోయినట్టే. తవుడులోంచి నూనె తీయడానికి వాడే సాల్వెంట్ ఆవిరై బయటికి వస్తే ఒక్క నిప్పురవ్వ చాలు, ఫ్యాక్టరీ ఉండదు. అందుకని ఐదుగురిని ఏరి ఎమర్జెన్సీ టీము అన్నారు. ఒకటి అంటే బాయిలరు, రెండు అంటే తవుడు గోడౌను, మూడు అంటే సాల్వెంట్ ట్యాంకులు. నాకు అక్షరం ముక్క రాదు, అంకెలు మాత్రం వచ్చు. ఆ డబ్బాను చేసినవాడెవడో నన్ను చూసే చేసినట్టుంది. టీములోకి నన్నెందుకు తీసుకున్నారంటే, మంటను చూసి అందరూ ఇటు పరిగెత్తితే నేను అటు పరిగెత్తేవాణ్ణి. దాన్ని ధైర్యం అనుకున్నారు పాపం. ఇంట్లో పంచె కట్టుకున్నప్పుడు బెల్టుండదు గనక పేజర్‌ను మొలతాడుకే కట్టుకునేవాణ్ణి. మా నాయన చూసి, "ఏందిరా అది, తాయెత్తా?" అన్నాడు. ఫ్యాక్టరీవాళ్లు కట్టినారన్నాను, నిప్పు పుడితే అరుస్తాదన్నాను. "సరే, తాయెత్తే గదా, ఉండనీ" అన్నాడు.

ఆ తాయెత్తుతోనే ఆళ్లగడ్డకు పెళ్లిచూపులకు పోయాను. పిల్ల వచ్చి కూర్చుంది. ప్లేటులో బూందీ లడ్డూ, కారాలు పెట్టారు. లడ్డూ సగం నోట్లో ఉండగా నడుము దగ్గర కీచుమని మోగింది. చొక్కా పైకెత్తి అందరి ముందూ మొలతాడు చూసుకున్నాను (పిల్ల తల దించుకుంది, సిగ్గుతోనో నవ్వుతోనో ఇప్పటికీ చెప్పదు). అద్దంలో అంకె లేదు. ఏదో చిన్న బొమ్మ వెలిగి ఆరుతోంది. అంకె వస్తేనే అంత ప్రమాదమైతే, బొమ్మ వచ్చిందంటే ఇంకెంత ప్రమాదమో అనుకున్నాను. లేచి ఒకటే పరుగు. మా నాయన వెనకనుంచి "యాడికి రా" అంటున్నాడు, నేను అప్పటికే బస్టాండులో ఉన్నాను. బస్సు ప్రతి ఊరిలోనూ ఆగుతుంటే డ్రైవరును తిట్టుకుంటూ నంద్యాల చేరాను. గేటు దాటి లోపలికి పరిగెత్తితే మా టీము పెద్ద, అందరూ బాయిలర్ మామ అనే ఆయన, నీడన కూర్చుని టీ తాగుతున్నాడు. నా నడుము దగ్గరి డబ్బాను తిప్పి చూశాడు. "నిన్నెవరు పిలిచినార్రా? దీంట్లో బ్యాటరీ అయిపోతాంది, మార్చమని కూసింది" అన్నాడు.

సంబంధం పోయిందనుకున్నాను. మూడోరోజు కబురొచ్చింది, పిల్ల ఒప్పుకుందని. ఎందుకు ఒప్పుకున్నావని పెళ్లయ్యాక అడిగితే, "పిలిస్తే పోయే మనిషి అని" అంది. బ్యాటరీ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. బాయిలర్ మామకు వచ్చింది. మా ఇంట్లో మొదటిసారి భోజనానికి కూర్చుని, పప్పు వడ్డించేలోపలే మొత్తం చెప్పేశాడు. ఆమె నావైపు చూసి, "ఎవరూ పిలవకనే అంత దూరం పోయినోడు, పిలిస్తే పోకుండా ఉంటాడా మామా" అని ఆయనకు ఇంకో గరిటె వేసింది.

ఇరవై ఏండ్లు ఆ డబ్బాలతోనే నడిచింది. (వాటి తర్వాత సెల్‌ఫోన్లు వచ్చి పాతబడినా, మా ఫ్యాక్టరీ మాత్రం పాడయ్యేదాకా దేన్నీ మార్చదు.) తర్వాత కోస్తానుంచి ఒక కుర్ర సేఫ్టీ సార్ వచ్చాడు. పేజర్లన్నీ అట్టపెట్టెలోకి ఎత్తించి, ఇక కబురు స్మార్ట్‌ఫోనుకే వస్తుందన్నాడు. యాడ ఏమైందో రాసి వస్తుందట, కింద రెండు బటన్లుంటాయట, పచ్చది నొక్కితే వస్తున్నట్టు, ఎర్రది నొక్కితే రాలేనట్టు. అప్పుడప్పుడు ఉత్తుత్తి పిలుపుతో డ్రిల్లు పెడతాను, పచ్చది నొక్కి రాకపోతే ఆ పేరు టీములోంచి తీసేస్తానన్నాడు. నాకు చదువు రాదని మొహంమీదే చెప్పాను. చదివేవాళ్లు ఇంట్లో ఎవరున్నారని అడిగాడు. మా ఇంట్లో స్మార్ట్‌ఫోను ఒక్కటే, అది మా ఆవిడ చేతిలో ఉంటుంది. ఆ నంబరే ఇచ్చాను. పేజర్ మనిషిది, ఫోను ఇంటిది అనే తేడా ఆ సార్‌కూ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఇంటికి పోయి ఆమెకు ఒక్క మాటే చెప్పాను, ఆ పేరు పోతే ఫ్యాక్టరీలో నేను తవుడు మోసే మనిషిని, అంతకుమించి ఏమీ కానని.

ఆ వారంలోనే గేటు దగ్గర ఆంజనేయస్వామిని పెట్టాలని పనివాళ్లందరం అనుకున్నాం. విగ్రహాలకు ఆళ్లగడ్డే కదా, అక్కడ మా అత్తగారిల్లుంది కదా అని నన్ను పంపించారు. మూరెడు స్వామిని గోనెపట్టాలో చుట్టించుకుని, బస్సులో ఒడిలో పెట్టుకుని వచ్చాను. (పక్కసీటాయన టికెట్టు తీసినావా స్వామికి అన్నాడు.) నంద్యాలలో ఆటో దిగి, స్వామిని భుజానికెత్తుకుని గేటులోకి వచ్చేసరికి సైరను మోగి ఆగినట్టుంది. అందరూ గుమికూడే చోట మా టీము వరసగా నిలబడి ఉంది. నలుగురు ప్యాంటులవాళ్లు, చివర ఒక పచ్చచీర. చీరమీద నా హెల్మెటు. హెల్మెటు కింద మా ఆవిడ.

ఆమె ఎందుకొచ్చిందో సేఫ్టీ సార్‌కు అప్పటికి అర్థమైనట్టు లేదు. ఆమె నిదానంగా చెబుతోంది. "ఫోన్లో పిలిచినారు గదా నాయనా. ఆయన ఊర్లో లేడు. పిలుపొచ్చినాక ఇంటికొకరన్నా పోవల్ల గదా."

"ఇది పెళ్లి కాదమ్మా, ఇంటికొకరు వచ్చి కనబడి పోవడానికి."

"పెళ్లయితే వచ్చేదాన్నే కాదు. పెళ్లికి పోకుంటే ఒక మాటంటారు, పడతాము. ఈడ రాకుంటే మా ఆయన పేరు కొట్టేస్తారంట."

నిజంగా గ్యాస్ వచ్చి ఉంటే ఏం చేసేదానివమ్మా అని సార్ అడిగాడు. "అది నాకు తెలీదు. రమ్మన్నారు, వచ్చినా" అంది. బాయిలర్ మామ అప్పటికి రిటైరై, విగ్రహం చూద్దామని వచ్చి గేటు దగ్గరే కూర్చున్నాడు. "ఆ యమ్మ పేరే రాసుకో సార్, వీనికంటే బేగా వచ్చింది" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సార్ మాత్రం నవ్వలేదు. నా దగ్గరికొచ్చి, పక్కవాళ్లకు వినబడకుండా అన్నాడు. "ఇవాళ డ్రిల్లు కాబట్టి సరిపోయిందండీ. నిజంగా లీకై ఉంటే ఈమె గ్యాస్ ముసుగు లేకుండా ట్యాంకుల దగ్గరికి నడిచి వచ్చేసేది." బస్సెక్కినప్పటినుంచీ మోస్తున్న స్వామి బరువు నాకు అప్పుడు తెలిసింది. కుర్రవాడు చెప్పింది నిజం. వచ్చే డ్రిల్లుకు సొంత ఫోను, సొంత కళ్లు, సొంత వేలు. లేదంటే పేరు తీసేస్తానన్నాడు. సరేనన్నాను.

అందరూ అమ్మతో, ఆవుతో చదువు మొదలుపెడతారు. నేను యాభై దాటాక గ్యాస్‌తో మొదలుపెట్టాను. పంతులమ్మ మా ఆవిడే. పాత అలర్టును ఫోన్లో తెరిచి, పొయ్యి దగ్గర కూర్చుని, ఒక్కో అక్షరం మీద నా వేలు పట్టుకుని పెట్టేది. నా పేరు రాయడం రాకముందే బాయిలరు, లీకు, ముసుగు చదవడం వచ్చింది. సంతలో బోర్డులు చదివించేది, బస్టాండులో మహానంది బస్సు ముందు నిలబెట్టి చదివించేది, ఆ బస్సు మేము ఎక్కకపోయినా సరే. తప్పు చదివితే తొడమీద గిల్లేది. ఒకసారి విసుగొచ్చి, ఈ వయసులో నాకెందుకే ఇదంతా అన్నాను. "నేను ఇంగ రాను పో నీ ఫ్యాక్టరీకి. ఆ టోపీ నెత్తికి పట్టలేదు" అంది.

రెండో డ్రిల్లు నేను సంగటి తింటుండగా వచ్చింది. కొత్త ఫోను నా పక్కనే పెట్టుకుని ఉన్నాను. ఎడమచేత్తో తీసి చదవడం మొదలుపెట్టాను. గో, డౌ, ను. నా వెనక నిలబడి ఆమె ఒక్క చూపులో చదివేసిందని నాకు తెలుసు. తిరిగి చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మాట బయటికి రాకుండా రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. కళ్లు మాత్రం బేగా బేగా అంటున్నాయి. చివరి అక్షరం దాకా చదివి, పచ్చది నొక్కి, సంగటి చేత్తోనే పరిగెత్తాను. ఐదుగురిలో నేనే ఆఖరివాణ్ణి. సార్ వాచీ చూసుకుని, నన్ను చూసి, నా చేతిని చూసి, పేరు ఉంచాడు.

రిటైరై చాన్నాళ్లయింది. ఫ్యాక్టరీవాళ్లు లిస్టులోంచి నా నంబరు తీసేశారు కానీ, మొదట ఇచ్చిన మా ఆవిడ నంబరు తీయడం మరిచారు. ఒకసారి పోయి చెప్పాను, సరేనన్నారు. మళ్లీ చెప్పలేదు. నెలకొకసారి డ్రిల్లు రోజున ఆమె ఫోను మోగుతుంది, ఏదో ఒకటి నొక్కేదాకా ఆపదు. మొన్న కూడా మోగింది. ఇద్దరం అరుగు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాం. ఫోను అందుకుని నేనే చదివాను, గడగడా. నా కాళ్లు అప్పటికే చెప్పుల కోసం వెతుకుతున్నాయి.

"యాడికి పోతాండావ్?" అంది. కూర్చున్నాను. రాలేనని నొక్కల్లా అని అడిగింది.

"నొక్కొద్దులే. కొంచెంసేపు మోగనీ."

ఆమె ఫోను తీసుకుని మా ఇద్దరి మధ్య చిక్కుడుకాయల చేటలో పెట్టింది. అది మోగుతూ ఉంది. అద్దంలో బొమ్మను నమ్మి లడ్డూ సగంలో వదిలేసి లేచిన ఆ పిల్లోడైతే, ఈపాటికి ఆళ్లగడ్డ బస్టాండులో ఉండేవాడు.