సందు మొదట్లో పసుపు జెండా

మంచు కరిగి బురద వాసన వేస్తున్న పొద్దున, కాఫీ కప్పుతో కిటికీ దగ్గరికి వెళ్లేసరికి పక్కింటి లాన్‌లో చిన్న పసుపు జెండా ఒకటి టపటపలాడుతోంది. కప్పు కిటికీ గట్టు మీద పెట్టేశాను. "గ్యాస్ లైన్ ఎక్కడుందో మార్క్ చేశార్లే, తవ్వుతారట" అన్నాడు మా ఆయన నా మొహం చూసి. ఆ మాత్రం నాకూ తెలుసు. మాంట్రియల్‌లో ఏటా చూసేదే. అయినా ఆ రంగు జెండా ఒంటరిగా కనిపిస్తే నాకు రత్నగారే గుర్తొస్తారు. పేరు చూసి మన మనిషే అనుకున్నాను గానీ, ఆవిడది ఇండోనేషియా. మేమంతా "ఇబు" అనేవాళ్లం. అక్కడ పెద్దావిడని అలాగే పిలుస్తారు, మనం అమ్మా అన్నట్టు.

సోషల్ మీడియాలో జనం పెట్టే పోస్టులు చూసి, ఉంచాలో తీసేయాలో తేల్చే కంపెనీలో నా ఉద్యోగం. మా టీమ్‌కి ఇండోనేషియా పోస్టులు వచ్చేవి. భాష రాకపోయినా కింద మెషిన్ చేసిన ఇంగ్లిష్ తర్జుమా ఉండేది. రోజంతా అది చదివితే తల దిమ్మెక్కేది. ఇబు మా టీమ్ లీడ్. అంతకుముందు జకార్తాలో కాలేజీ పిల్లలకు సాహిత్యం చెప్పేవారట.

అక్కడ ఎన్నికల హడావిడి నడుస్తున్న రోజుల్లో నాకొక ఫోటో వచ్చింది. ఇరుకు సందు, మొదట్లో స్తంభానికి పసుపు జెండా, కింద "ఈరోజు మా సందుకి వచ్చింది" అని ఒకే ముక్క. ఎన్నికల ప్రచారం ఉంచకూడదని రూలు కాబట్టి తీసేసే బటన్ నొక్కబోతుంటే వెనకనుంచి ఇబు "ఆగు" అన్నారు.

"పార్టీ జెండా కదా ఇబు? మా వైపు పసుపు జెండా అంటే అదే."

"మా దగ్గరా ఒక పార్టీది పసుపే. వీధి పొడుగునా ఉంటే ఎన్నికలు. సందు మొదట్లో ఒక్కటే ఉంటే ఎవరో పోయారని. కామెంట్లు చదువు."

చదివితే అన్నీ ప్రార్థనలే. పెళ్లికీ పేరంటానికీ మనం వాడే పసుపు వాళ్లకు చావు కబురా అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ ఇబు ఇంకో మాట చెప్పారు. "మా కథకులు కొందరు 'ఆయన చనిపోయాడు' అని రాయరు. సందు మొదట్లో ఎవరో పసుపు కాగితం జెండా కట్టారని రాసి ఊరుకుంటారు. మా సందుల్లో పెరిగినవాడు అక్కడే ఏడుస్తాడు. తెలియనివాడు ఆయన ఇంటికొస్తాడని చివరిదాకా ఎదురుచూస్తాడు."

"అయ్యో పాపం" అన్నాను.

"పాపమెందుకు? ఆ కాసిని పేజీలూ వాడికి ఆయన బతికే ఉంటాడు."

మేనేజర్‌కి ఇవేం పట్టవు. ఫోటో చూడండి, నొక్కండి, ముందుకెళ్లండి, ఇదే పాట. కామెంట్లు చదవకుండా తను నొక్కననీ, మమ్మల్ని నొక్కమనననీ ఇబు గొంతు పెంచకుండానే చెప్పారు. ఉద్యోగం తీసేస్తామన్నారు. నాకు భయమేసింది. "కొన్నాళ్లు వాళ్లన్నట్టే చేసేయండి ఇబు, ఉద్యోగం కదా" అని బతిమాలాను.

"నాకూ ఉద్యోగం కావాలమ్మా. కానీ చావు కబురు మనం తీసేస్తే, చివరిచూపుకి ఎవరొస్తారు?"

కంపెనీవాళ్లు అన్నంత పనీ చేశారు, ఇబుని తీసేశారు. ఇబు జకార్తా వెళ్లిపోయి, తన ఇంటి ఫోటో పంపారు. ఇరుకు సందు, నీలం గేటు, గేటు మీదికి వాలిన జామచెట్టు. మేం ఇక్కడే ఉండిపోయాం. పోస్టుల వరద తగ్గింది లేదు. నిజం చెప్పొద్దూ, విసుక్కునే ఓపిక కూడా పోయింది నాకు.

పోయిన చలికాలం ఇబు పేజీలో ఎవరో పెట్టిన ఫోటో ఒకటి కనిపించింది. మాటేమీ లేదు. అదే నీలం గేటు, అదే జామచెట్టు, సందు మొదట్లో పసుపు జెండా. మా పాత టీమ్ గ్రూప్‌లో సందీప్ అడిగాడు, "ఏం పండగక్కా అది? లైక్ కొట్టేశా" అని. వాడి మీద కోపం రాలేదు. వాణ్ణి చూసి అసూయ పుట్టింది. ఫోటో పెద్దది చేసి మూలమూలలా వెతికాను, ఇంకొక్క జెండా ఉంటే చాలు, ఎన్నికలేలే అనుకోవచ్చని. ఎంత వెతికినా ఒక్కటే.

కామెంట్లు చదవకుండా ఇప్పటికీ నేను ఏ పోస్టునూ నొక్కను. మేనేజర్ గొణుగుతూనే ఉంటాడు, గొణగనీ. ఆ ఒక్కరోజు మాత్రం ఇబు ఫోటో కింద కామెంట్లు తెరవడానికి నాకు వేలు రాలేదు. ఫోన్ ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాను. తెరవనంతసేపూ ఇబు ఉన్నారు.