వ్యాన్ మీది నల్లచుక్క

నిన్న చాంద్రాయణగుట్టలో ఒక షెడ్డు ముందు నుంచి పోతుంటే రంగుల్లో కలిపే థిన్నర్ వాసన వచ్చి చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది.

మా బాపుది పాల వ్యాపారం. క్యాన్లు మోసే పాత వ్యాన్‌ను ఆయన సరదాగా సింగారించేవాడు. లోపల రంగుల లైట్లు, కిటికీలకు కుచ్చుల తెరలు. ఒక ఏడు పెయింటర్ సలీం భాయ్ దానికి ఆకుపచ్చ రంగు వేసి, తలుపుల మీద నెమళ్లు గీశాడు. నేను కుంచె పట్టుకోబోతే, "జరగురా, ఖరాబ్ చేస్తవ్" అని లాక్కున్నాడు. నాకు ఒళ్లు మండింది.

పనంతా అయ్యాక వెనక తలుపు మీద ఆయన ఒక నల్లచుక్క పెట్టాడు. పాడుచేశాడనుకుని ఉరికాను.

"బాపూ, సలీం భాయ్ మన బండికి నల్లరంగు పూసిండు. నవ్వుకుంట పూసిండు."

బాపు చక్రాలు విప్పే ఇనుప పానా అందుకున్నాడు.

"గట్ల కాదన్నా, నజర్ తగలొద్దని పెట్టిన!" అంటూ సలీం భాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు. మణికట్టు విరిగిన చప్పుడు వినబడింది. రెండో దెబ్బకు పెదవి చిట్లి నెమలి మీద రక్తం చిమ్మింది. అప్పుడు గానీ బాపు తలుపు వైపు చూడలేదు. మా చెల్లెలి బుగ్గ మీద అమ్మ రోజూ పెట్టే దిష్టిచుక్కలాంటిదే అది. పానా ఆయన చేతిలోంచి జారిపోయింది.

సలీం భాయ్ మళ్లీ కుంచె పట్టలేకపోయాడు. బాపు వ్యాన్ కడిగినప్పుడల్లా ఆ చుక్కను తాకకుండా చుట్టూ తుడిచేవాడు. పోయేదాకా తన కోపాన్నే తిట్టుకున్నాడు.

సలీం భాయ్ ఆ రోజు నవ్వలేదని నేను బాపుకు చెప్పనే లేదు.